మల్లన్న మెట్లదారి

తెలుగుదేశమున ఏ యింట వ్రతము జరిగినను, ఏ గుడిలో అర్చన జరిగినను, పురోహితుడు సంకల్పము చెప్పునపుడు కర్త కూర్చున్న చోటు శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నదో పేర్కొనుట ఆచారము. రాజ్యములు మారినవి, రాజధానులు మారినవి, జిల్లాల హద్దులు పలుమార్లు చెరిపి వ్రాయబడినవి. కాని తెలుగువాడు భగవంతుని ముందర తన ఉనికి చెప్పుకొనవలసి వచ్చినపుడు నేటికిని ఆ కొండనే కొలబద్దగా నుంచుకొని చెప్పుకొనుచున్నాడు. ఇట్లు తరతరములుగా దిక్కు చెప్పుకొనుటకు ఆధారమైన ఆ కొండను కాలినడకన చేరుట యెట్టిదో స్వయముగా నెరిగినవారు మాత్రము మనలో నానాటికి తగ్గిపోవుచున్నారు.

నేడు శ్రీశైలము దూరమైన యూరు కాదు. దోర్నాల నుండి ఘాటురోడ్డున్నది. హైదరాబాదు నుండి మన్ననూరు, దోమలపెంటల మీదుగా వచ్చు రహదారి యున్నది. ఉదయమున బస్సెక్కినవాడు సాయంకాలము లోపల మల్లికార్జునుని ముందర నిలువగలడు. నడవలేని వృద్ధులకు, రోగులకు, చంటిబిడ్డల తల్లులకు ఈ రోడ్లు చేసిన మేలు చిన్నది కాదు. దానిని తక్కువ చేసి మాటాడుట నా యుద్దేశము గాదు. కాని రోడ్డు పడిన పిదప మనమొక సంగతి మఱచితిమి. శ్రీశైలక్షేత్రమనగా కొండమీది గుడి యొక్కటియే కాదని, ఆ గుడికి పోవు దారియు క్షేత్రములో భాగమేయని, ఆ దారిమీది కొలనులును, బావులును, మెట్లును, ద్వారములును గర్భాలయమునకు ముందు వచ్చు మంటపములతో సమానమని మన పెద్దలు తలచి, అట్లే కట్టించి, అట్లే నడచిరి.

ఈ పర్వతమునకు నాలుగు ద్వారములని ప్రసిద్ధి: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. అవి గాక, కర్నూలు సీమ నుండి ఆత్మకూరు మీదుగా నల్లమలలో ప్రవేశించి, వెంకటాపురము, నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారము అను మజిలీలు దాటి క్షేత్రమును చేరు ప్రాచీనమార్గ మొకటి కలదు. వెంకటాపురము నుండి కొండమీది గుడి వఱకు ఇంచుమించు నలుబది కిలోమీటర్ల నడక. ఏడాది పొడవున ఈ దారి వన్యమృగములది. మహాశివరాత్రికిని, ఉగాదికిని ముందు కొద్దిదినములు మాత్రము అటవీశాఖవారి యనుమతితో మనుష్యులది యగును. ఉగాదికి ముందు వచ్చు ఆ కొద్దిదినములలో, కన్నడదేశమునుండి వచ్చు భక్తసమూహములతో గలసి, నేనీ దారిని నడచితిని.

ఈ నడక సాహిత్యమునకు క్రొత్త గాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున నొక ప్రకరణమును సంపూర్ణముగ ఈ పర్వతమునకే వినియోగించెను; శివరాత్రికి కొండకు తరలివచ్చు జనసందోహమును, వారు పాడు తుమ్మెదపదములను, పర్వతపదములను, వెన్నెలపదములను, వారి యాటలను, వారి యార్తిని అందు వర్ణించిన తీరు చూచినచో, ఏడు శతాబ్దముల క్రిందటి యాత్రికుడు మన ప్రక్కనే నడచుచున్నట్లుండును. దేశము కొలుచుటకై తిరిగిన కాలిన్ మెకంజీ 1794లో నీ క్షేత్రమును దర్శించి, తాను చూచినదానిని ఆసియాటిక్ రిసెర్చెస్ సంపుటములలో ప్రకటించెను. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, ఉత్తరదిశకు సాగిపోవుటకు ముందు ఈ కొండకు వచ్చెను. ఆత్మకూరు మీదుగా నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దాటి ఆయన నడచిన దారియే నేటి యాత్రికులు నడచు దారి. పెద్దచెరువును చెంచులును చుట్టుప్రక్కలవారును నేడు పెచ్చెరువనుచున్నారు. అంతకుమించి మార్పు లేదు. కాశీయాత్రచరిత్ర చదివినవా డెవ్వడైనను ఈ దారిలో ఒంటరి గాడు.

వెంకటాపురమున ఊరు ముగిసి అడవి మొదలగు చోట, ఆ యుదయమున నేను చూచిన జనము తిరునాళ్ల జనము వంటిది గాదు. వారు అప్పటికే పదునైదు, ఇరువది దినములుగా నడచి వచ్చుచున్నవారు. బాగలకోట, విజయపుర, బెళగావి, రాయచూరు జిల్లాల పల్లెలనుండి పంటలు ఇంటికి చేరిన పిమ్మట బయలుదేరి, కృష్ణ తుంగభద్రల నడుమనున్న నేలనంతయు కాళ్లతో కొలిచి, కర్నూలు సీమ పల్లెలలో అన్నసత్రముల వారు పెట్టిన బువ్వ తిని, చెట్టుక్రింద పండుకొని, ఇచ్చటికి చేరినవారు. కొందఱి భుజములపై కంబి యని వారు పిలుచు కావడి. రంగుబట్టలతోను, పూలతోను అలంకరింపబడిన ఆ కంబియే వారికి త్రోవపొడుగునను దేవుడు. కొందఱు కొయ్యకాళ్లు కట్టుకొని, నేలకు మూరెడెత్తున నిలిచి నడచుచుండిరి; సమతలమున సైతము నిలుచుట కష్టమైన ఆ కొయ్యలపై, బండలు తేలిన అడవిబాటను దాటుటకు మ్రొక్కు తప్ప వేఱు బలము చాలదు.

ఈ కన్నడభక్తులకు శ్రీశైలము పరదేశము కాదు. భ్రమరాంబ వారి యింటి ఆడపడుచు. మల్లికార్జునుడు వారి యల్లుడు. ఉగాదికి పుట్టినింటివారు ఆడపడుచునకు చీర, సారె తీసికొనిపోవుట యెట్లు ధర్మమో, వారీ కొండకు వచ్చుట యట్లే ధర్మము. పండ్రెండవ శతాబ్దమున ఉడుతడి యను పల్లెలో పుట్టిన అక్కమహాదేవి, రాచసంపదలను విడిచి, తన వచనములలో నెల్ల చెన్నమల్లికార్జునుని పేరే ముద్రగా నుంచుకొని, కల్యాణమునుండి ఆ పేరు వెంట నడచి యీ పర్వతమునకే వచ్చి కదళీవనమున లింగైక్యమందెను. ఆమె నడచిన దారి యీ రాళ్లమీదుగానే పోయెనో, మఱియొక ప్రక్కగా పోయెనో నిర్ణయింపవలసిన పని లేదు. ఆమె వెనుక వచ్చుచున్న స్త్రీలు మాత్రము ఈ దారిలోనే యున్నారు. అట్టివారిలో నొక ముదుసలి నాకు నాగలూటి వఱకు తోడైనది. చేతిసంచిలో నొక చీర, గాజులు, పసుపుకుంకుమలు. నడుముకు కట్టిన మూటలో ఎండు జొన్నరొట్టెలు, వేరుసెనగపొడి. చెప్పులు లేవు. "అమ్మా, చీర యెవరికి?" అని యడుగగా, ఆమె తనకు వచ్చిన కొద్ది తెలుగులో, "మా బిడ్డకు, తమ్మా. ఏడాదికొకసారి గదా పోయేది, ఉత్తచేతుల పోతారా?" అనినది. దేవి యెడల ఇంతటి చనువును, ఇంతటి బాధ్యతను ఒక్క వాక్యములో నింపిన వ్యాఖ్యానము నేను శాస్త్రగ్రంథములలో చదివి యుండలేదు.

నాగలూటి వఱకు దారి పెద్దగా శ్రమ పెట్టదు. నేల ఎఱ్ఱగా, మెత్తగా నుండును. వేసవి ముంగిట ఆకురాల్చిన చెట్ల నడుమ మోదుగులు మాత్రము పూర్తిగా పూచి యుండును. నాగలూటిలో వీరభద్రుని ప్రాచీనాలయమును, దాని ప్రక్కను కోనేరును కలవు. ఆలయము జీర్ణించినది, గుప్తనిధుల యాశతో నల్లమల గుడులను త్రవ్వి పాడుచేసినవారి దుష్కార్యములకు ఈ యడవిలోని పెక్కు శిథిలాలయములు సాక్షులు. వీరభద్రునికి టెంకాయ కొట్టక ముందుకు సాగరాదని యాత్రికుల నియమము. ఇచ్చటనుండి అసలైన మెట్లదారి ప్రారంభమగును.

ఈ మెట్లు రెడ్డిరాజులు కట్టించినవని యీ ప్రాంతమువా రందఱును చెప్పుదురు. ఎఱ్ఱాప్రగడ హరివంశము నంకితమందిన ప్రోలయ వేమారెడ్డి, పదునాలుగవ శతాబ్దమున, శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించిన పుణ్యాత్ముడని చరిత్ర చెప్పుచున్నది. ఆ కాలము తలచుకొన్నచో ఆ పనియొక్క గాంభీర్యము బోధపడును. కాకతీయసామ్రాజ్యము కూలి, ఓరుగల్లు పరహస్తగతమై, గుడులు పాడుపడి, అగ్రహారములు చెదరి, తీరాంధ్రదేశము దిక్కుతోచక యున్నవేళ, అద్దంకిలో రాజ్యము నిలబెట్టిన యా రెడ్డి, కోటలను బలపఱచుకొనుటతో తృప్తి చెందక, అడవి నడుమ కొండలపైకి సామాన్యజనుడు నడచిపోవుటకు రాతిమెట్లు పఱపించెను. చెదరిన జనమును మరల ఒక్క దారిపై నడిపింపవలెనన్న ఆలోచన ఆ రాళ్లలో నాకు గోచరించినది. ఆ వంశమువాడే యైన అనవేమారెడ్డి 1377లో కొండమీద వీరశిరోమంటపమును కట్టించెను. అటుపిమ్మట విజయనగరప్రభువు రెండవ హరిహరరాయలు ముఖమంటపమును, ఆయన రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లను కట్టించిరి. కృష్ణదేవరాయలు రథవీథికి ఇరుప్రక్కల మంటపములు నిలిపెను. 1677లో శివాజీ వచ్చెను. రాజులు తమ పేర్లు గుడిలో చెక్కించుకొనిరి. దారి పఱచిన కూలివారి పేర్లు ఎచ్చటను లేవు. వారు పేర్చిన బండలమీద మాత్రము నేటికిని కాలు జాఱదు.

ఆ బండలను గూర్చి ఇంకొక మాట. సున్నము లేదు, సిమెంటు లేదు. కొండలో దొరికిన రాతినే చదునుచేసి, వాలునుబట్టి ఒకదానినొకటి పట్టుకొనునట్లు అమర్చిరి. వాననీరు మెట్టు నంటిపెట్టుకొని నిలువక సందులవెంట జాఱి అడవిలోనికి పోవును. అందువలననే ఇన్ని వర్షర్తువులకు తట్టుకొన్నవి. ఎక్కడ చెట్టువేళ్లు పెల్లగించినవో, ఎక్కడ వాగు కోసినదో అక్కడ మాత్రము మెట్లు చెదరి, యాత్రికుడు రాళ్లకుప్పపై తడబడుచు దిగవలసివచ్చును. బాగుచేయుటకు పూనుకొన్నవా రెవరైనను మొదట ఆ పాతపనివారి చేతిపనిని శిష్యభావముతో పరిశీలింపవలెను. కాంక్రీటు పోసినచో ఏర్పడునది మఱియొక దారి, ఇది కాదు.

నాగలూటి దాటి దామెర్లకుంట మీదుగా పోవు దారిలో మధ్యాహ్నపుటెండకు అడవి స్వభావము తెలియును. నల్లమద్ది, చిరుమాను, తపసి, వెదురు, తునికి, మారేడు, ఉసిరి; నీడ పల్చన; గాలికి ఎండుటాకులు కాళ్లక్రింద గలగలలాడును. తెచ్చుకొన్న నీరు సగమై, గుడి యింకను దూరమై, వెనుకకు పోవుటకు మనసొప్పక, ముందుకు పోవుటకు కాళ్లొప్పక నిలిచిపోయిన ప్రతివానిని అప్పుడు ముందునుండియో, వెనుకనుండియో వచ్చు కేక యొకటి లేవనెత్తును. "చేదుకో మల్లన్నా" అని ఒకడు, "ఆదుకో మల్లన్నా" అని పదిమంది. ఆ కేక వేయువారికి సంగీతము రాదు. కొందఱికి తెలుగే రాదు. కాని దప్పిగొన్నవాడు ఆ పిలుపును విని మరల అడుగు వేయుచున్నాడు. ఈ దారిలో మంత్రమనగా నిదియే.

పెచ్చెరువు చేరునప్పటికి సాయంకాలమగును. కొండల నడుమ చెరువు, చెరువు ప్రక్క చెంచుగూడెము. యాత్రికులలో పెక్కుమంది ఇక్కడ పొయ్యి వెలిగించి, వండుకొని తిని, గుంపులుగా పండుకొందురు. కన్నడవారు తెల్లవారుజాము వఱకు భజన చేయుదురు.

ఈ దారికి అసలైన యజమానులెవరని నన్నడిగినచో చెంచులని చెప్పుదును. మల్లికార్జునుడు వారికి చెంచుమల్లయ్య. తమ యాడబిడ్డను వలచి పెండ్లాడిన యల్లుడు. కన్నడదేశమువారును, అడవిలోని చెంచులును, ఒకరికొకరు తెలియకయే, ఆ దేవునితో ఒక్కటే వరుస కలుపుకొనిరి. దూరమైన మైదానమువారును, దగ్గరి గూడెమువారును ఇట్లు ఒకేయింటి వియ్యాలవారైరి. తేనె, జిగురు, గడ్డలు, పండ్లు సేకరించి జీవించు ఈ జనమునకు అడవి యొక భాండారమును, ఒక గ్రంథమును. ప్రభుత్వపు లెక్కలలో అతి బలహీనసమూహమని వ్రాయబడిన వీరు, అడవి విషయమున మనయందఱికంటె బలవంతులు. పులుల సంరక్షణకు అటవీశాఖవారు కాపలాదారులుగా నియమించుకొన్నవారిలో చెంచులు పెక్కుమంది కలరు; అడుగుజాడ చూచి జంతువును, అది పోయిన వేళను చెప్పగల చూపు పుస్తకములవలన రాదు.

చెరువునుండి నీరు తెచ్చుకొనుటకు నేను పొదలప్రక్కగా దగ్గరిదారి పట్టబోగా, గూడెమునకు చెందిన యొక పెద్దాయన ఆపి, "ఆ పక్క పోవద్దు సామీ. ఎలుగు నీళ్లకు దిగే తావది. మీకు దారి ఈ పక్క ఉంది" అనెను. ఆయన స్వరమున భయము లేదు, జంతువుపై కోపము లేదు. ఎలుగునకు దాని వేళ దానిది, యాత్రికునికి వాని దారి వానిది అను న్యాయము మాత్రమున్నది. ఆయనతో గంటసేపు కూర్చొంటిని. వెనుకటి కాలమున యాత్రికులను మజిలీనుండి మజిలీకి వెంట నడిపించి, దొంగలనుండి, మృగములనుండి కాపాడినది తమ తాతలేయని ఆయన చెప్పెను. ఇప్పుడు యాత్ర ముగిసిన తరువాత వారములతరబడి తాము ఏరి ప్రోగుచేయునది ప్లాస్టికుసీసాలనియు, సంచులనియు, చెరువుగట్టున తిండితో గూడిన సంచిని దుప్పి నమిలి మ్రింగుట తాను కన్నులార చూచితిననియు చెప్పునపుడు మాత్రము ఆయన ముఖము నావైపు లేదు.

ఇది చిన్నవిషయము గాదు. నల్లమలలోని ఈ భాగము 1978లో అభయారణ్యముగాను, 1983లో పులుల సంరక్షణకేంద్రముగాను ప్రకటింపబడినది. నాగార్జునసాగర్–శ్రీశైలము కేంద్రమను పేర 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో దేశమునకెల్ల పెద్దదై యుండి, 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిదప ఉత్తరభాగము అమ్రాబాదు కేంద్రమై తెలంగాణమునకు పోయెను. పులి నడచు నేలపై వేలమంది మనుష్యులు కొద్దిదినములు నడచుటకు సమ్మతి దొరకుట హక్కు కాదు, ఆతిథ్యము. ఆతిథ్యమును దుర్వినియోగము చేసిన యతిథికి తలుపు మూయబడును. అట్లు మూయబడినచో దోషము అటవీశాఖవారిది కాజాలదు.

తెల్లవారకముందే పెచ్చెరువు విడిచి, మఠంబావి వద్ద నీరు నింపుకొని, యాత్రికులు భీమునికొలను దిక్కునకు సాగుదురు. దారి పొడుగున ఇంతవఱకు పడిన శ్రమ యంతయు ఇచ్చట పడబోవు శ్రమకు అభ్యాసము మాత్రమే. కొండ హఠాత్తుగా తెగి లోయయగును. ఎదుట మఱియొక కొండ గోడవలె నిలిచి యుండును; దానిపై కైలాసద్వారము. రెంటి నడుమ, అడుగున, రాతిలోయలో కొలను. దిగుట మొదట సులభముగ తోచును. పిదప మోకాళ్లు వణకును. బరువంతయు వ్రేళ్లపైకి వచ్చును. ఎత్తు సమముగాలేని మెట్లపై దృష్టి నిలుపుటవలన కన్నులు సైతము అలయును. వృద్ధులు కూర్చుండి, చేతులు వెనుక నానించి, ఒక్కొక్క మెట్టు జాఱుచు దిగుచుండిరి. కొయ్యకాళ్లవాని నిరుప్రక్కల ఇద్దఱు పట్టుకొని దింపుచుండిరి. వాడు కొయ్యలు విప్పుటకు ఒప్పుకొనలేదు.

పాండవులు వనవాసమున నీ దారిని పోవుచుండగా ద్రౌపదికి దప్పి కలిగెననియు, భీముడు గదతో బండను మోదగా నీరుబికెననియు ఇచ్చటి కథ. ఎండలు ముదిరి అడవియంతయు ఎండిపోయిన దినములలోను ఆ రాతినడుమ నీరు నిలిచియుండుట చూచినవానికి ఆ కథ అసత్యమని తోచదు. చుట్టును నిలువెత్తు బండలు. వానికి వ్రేలాడు తేనెపట్లు. నీటి నీడలో చల్లదనము. నీటి దగ్గరకు రాగానే జనుల కంఠస్వరములు తమంతట తాము తగ్గినవి. ఒకరు త్రాగి మఱియొకరికి లోటా అందించిరి; ఊరు, కులము, భాష యడుగలేదు.

కొలను దగ్గర ఎక్కువసేపు కూర్చుండరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు; కాళ్లు బిగియును. ఎక్కుట మొదలిడితిమి. ఈ ఎక్కుడును గూర్చి నేను వ్రాయగలిగినది తక్కువ, ఏలయన నడచువానికి అక్కడ ఆలోచనలుండవు. మెట్టు, ఊపిరి, మెట్టు. మొదట లెక్కపెట్టుట యుండును, అది పోవును. తరువాత తన యూరు, తన పని, తన ఋణములు, తన పగలు తలపునకు వచ్చును, అవియు పోవును. ముందున్నవాని మడమ మాత్రము కనబడును. యోగశాస్త్రములలో చిత్తవృత్తినిరోధమని చెప్పబడినదానిని సామాన్యసంసారికి, ఉపదేశము లేకయే, శరీరశ్రమచేత కొంతసేపైనను కలిగింపవలెనని ఈ దారిని ఇట్లు నిలువుగా కట్టిరేమో యని నాకు తోచినది. బస్సులో వచ్చి క్యూవరుసలో నిలుచువాని భక్తి తక్కువది యని నే ననను; వానికి ఈ సహాయము మాత్రము లభింపదు.

కైలాసద్వారము నాలుగు స్తంభముల చిన్నకట్టడము వంటిదే గాని, దానిక్రింద నిలిచి వెనుకకు తిరిగి చూచినవానికి అంతకంటె గొప్పగోపురము ఉండదు. దిగివచ్చిన కొండ అంతయు ఎదుట నుండును. మెట్లమీద వచ్చుచున్న జనము చీమలబారువలె కదలుచుండును. ముదుసలి యెక్కడనున్నదో యని వెదకితిని. ఆమె నాకంటె ముందే ఎక్కి, స్తంభమునకు చేరగిలబడి, రొట్టె నములుచుండెను. చీరయున్న సంచి ఒడిలోనే యుండెను.

అక్కడనుండి హాటకేశ్వరము మీదుగా శ్రీశైలము చేరుట సుకరము. రోడ్డు కనబడును, వాహనముల మ్రోత వినబడును. కాలినడకన వచ్చినవాడు స్నానమునకై ఆగక, దుమ్ము పట్టిన కాళ్లతో, చెమటతోడనే స్వామిని చూచుటను ధూళిదర్శన మందురు. ఇది యీ క్షేత్రపు విశేషాచారము. కులగోత్రములతో పనిలేక భక్తుడు లింగమును తన చేతితో తాకుట మఱియొకటి. పెక్కు దేవాలయములలో దేవునికిని మనకును నడుమ గడపలెన్నియో యుండగా, ఇచ్చట, అడవి దాటి వచ్చిన మట్టిచేతిని శివుడు తన శిరస్సుపై నుంచనిచ్చుచున్నాడు. ఉగాది దినములలో వీరశైవుల విన్యాసములు, అగ్నిగుండప్రవేశము. శివరాత్రినాడు, ఏడాది పొడవున దినమునకొక్క మూర చొప్పున నేసిన పాగాను, దీపములార్పిన చీకటిలో, నేతగాడొకడు దిగంబరుడై ఆలయవిమానమునకు చుట్టుట. ఇవన్నియు ఈ పర్వతమున శ్రమించు చేతికిని, నడచు కాలికిని లభించిన గౌరవములు.

ఇట్టి దారిని మనమెట్లు చూచుకొనుచున్నాము? గుడికి శిఖరమున్నది కనుక బంగారుపూత గూర్చి ఆలోచించువారు కలరు; దారికి శిఖరము లేదు. నాగలూటి మెట్లు, ఆ కోనేరు, కైలాసద్వారము, వీనిమధ్య నున్న బావులు, ప్రాచీనస్మారకములుగ గుర్తింపదగినవి. పురావస్తుశాస్త్రజ్ఞులు, అటవీశాఖవారు, దేవస్థానమువారు, గూడెముల చెంచుపెద్దలు ఒక్కచోట కూర్చుండి, చెదరిన మెట్లను పాతరాతితో, పాతపద్ధతిలో నిలబెట్టవలెను. ఆ పనిలో కూలియు, పర్యవేక్షణయు మొదట చెంచులకే దక్కవలెను. వెడల్పు పెంచుట, దీపస్తంభములు నాటుట, దుకాణములకు చోటిచ్చుట అను నాగరికసౌకర్యములు ఇచ్చటికి రాకుండుటయే మేలు. వచ్చిననాడు మొదట పులి పోవును, పిదప నీరు పోవును.

పాఠకులకు నా మనవి. మోకాళ్లు పనిచేయు వయసులోనే ఒకసారి ఈ దారిని నడువుడు. దారి తెఱచు దినములను అటవీశాఖవారిని ముందుగా విచారించి, ఆ దినములలోనే, పగటివేళనే, గుంపుతోనే నడువుడు. నీటికి రాగిచెంబో, స్టీలుసీసాయో తెచ్చుకొనుడు. అగ్గిపుల్లను ఆర్పి మట్టిలో పూడ్చనిదే కదలకుడు. వెంకటాపురమున మీ సంచిలో నున్న ప్రతి కాగితమును, ప్రతి కవరును శ్రీశైలము వఱకు మీరే మోసికొనిపోవుడు. పెచ్చెరువున చెంచుపెద్ద యీ ప్రక్క దారియున్నదని చెప్పినచో ఆ ప్రక్కనే నడువుడు.